ట్రైపాడ్‌పై అడ్డంగా ఆర్మ్ బిగించే ముందు జాగ్రత్తలు

ఎక్స్‌టెన్షన్ ఆర్మ్‌ను, అంటే కెమెరాను ట్రైపాడ్‌కు పక్కగా చాచి నిలిపే కడ్డీని, అడ్డంగా బిగించినప్పుడు బరువు కాళ్ల నడుమ నుంచి పక్కకు జరుగుతుంది కనుక, కెమెరాను సంచిలోంచి తీయకముందే ఈ విషయాలు చూసుకోవాలి.

మూడు కాళ్లలో ఒకటి ఆర్మ్ చాచిన దిశలోనే, దాని కిందుగా ఉండాలి. మధ్య స్తంభాన్ని పూర్తిగా దించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎదురు బరువు, చాలామంది వదిలేసేదీ అదే. 1 కిలో కెమెరా స్తంభానికి 50 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంటే, దానికి సాటిగా అవతలి వైపు 25 సెంటీమీటర్ల దూరంలో 2 కిలోల ఇసుక సంచి కావాలి. ఆర్మ్ సొంత బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సంచి ఊగితే ఫొటో చెదురుతుంది కాబట్టి దాన్ని కదలకుండా కట్టాలి.

ఆర్మ్ చివరి స్క్రూ 1/4 అంగుళానిదో, 3/8 అంగుళానిదో చూసి, హెడ్‌కు (కెమెరాను పట్టి ఉంచే భాగానికి) సరిపోతేనే బిగించాలి.

తర్వాత ఆర్మ్ కొసను కెమెరా బరువుకు కాస్త మించిన ఒత్తిడితో చేత్తో మెల్లగా నొక్కి చూడాలి. వెనుక కాలు నేల నుంచి వెంట్రుకవాసి లేచినా కెమెరా పెట్టకూడదు.

లెన్స్ కిందికి చూసే అమరికలో వదులుగా ఉన్న ఫిల్టర్, హుడ్ జారి పడతాయి. వాటిని ముందే బిగించాలి.

పని ముగిశాక కెమెరా తీసేటప్పుడు ట్రైపాడ్ ఇసుక సంచి వైపు ఒరగవచ్చు, అందుకే ఆర్మ్‌ను పట్టుకోవడానికి ఒక మనిషిని ముందుగానే పక్కన ఉంచుకోవడం మంచిది.