మన స్కూటరుకు మన చేత్తోనే రంగు – 3వ పాఠం: పాత రంగు వదిలించడం

పోయిన పాఠంలో బండి విప్పాం. సీటు, పెట్రోలు ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు, డిక్కీ మూత, ఫుట్‌బోర్డు మీది రబ్బరు పట్టీలు అన్నీ ఊడదీసి, బోల్టులు కవర్లలో వేసి పేర్లు రాసుకున్నాం. ట్యాంకు ఇంకా తీయని వాళ్లు ముందు ఆ పని చూసుకోండి. పెట్రోలు వంపేసినా లోపల ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే అంటుకునేది ఆ ఆవిరే.

నేను ఉదాహరణగా చూపిస్తున్నది మా నాయన వాడిన బజాజ్ చేతక్. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఈ మోడల్ ఒళ్లంతా ఇనుప రేకే. రేకు గట్టిదే, కానీ రంగు పోయిందంటే దానికి గాలీ నీళ్లూ పడవు. అందుకే ఈ పాఠం మొత్తానికి ఒకే నియమం పెట్టుకుందాం: ఈ పూట ప్రైమర్ (రంగు కంటే ముందు వట్టి ఇనుము మీద వేసే పూత) వేయగలిగినంత ఇనుమునే ఈ పూట బయటపెట్టాలి.

ఈ నియమం నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక నవంబరు ఆదివారం, తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి బండి మొత్తం గీకేశాను. ఇనుము తోమిన పళ్లెంలా మెరిసింది. ప్రైమర్ రేపు వేద్దామని టార్పాలిన్ కప్పి పడుకున్నాను. రాత్రి జల్లు పడింది. తెల్లారి పట్టా తీస్తే రేకు మొత్తం పసుపు పూసినట్టుంది. నాయన వేలితో రాసి, వేలికంటిన తుప్పు చూసుకుని, "తొందరెందుకురా, బండి యాడికీ పోదు గదా" అన్నారు. ఆ పసుపు వదిలించడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న అయస్కాంతం తీసుకుని బండంతా తిప్పండి. గట్టిగా అతుక్కుంటే కింద ఇనుము ఉంది. జారిపోతుంటే అక్కడ పాత డెంటు మీద మందంగా లప్పం లాంటి పేస్టు నింపారన్నమాట. అసలు పట్టకపోతే అది అల్యూమినియమో ప్లాస్టికో అయి ఉంటుంది. చేతక్ హ్యాండిల్ తల అల్యూమినియం పోత. దాన్ని ముతక ఎమరీ పేపర్‌తో గీకితే లోతు గీతలు పడతాయి, కాస్టిక్ సోడా తగిలితే తినేస్తుంది. ప్లాస్టిక్ భాగాల మీద పెయింట్ రిమూవర్ పెడితే రంగుతో పాటు భాగం కూడా కరుగుతుంది. వాటిని పక్కన పెట్టేయండి, విడిగా చేత్తో రుద్దుకుందాం.

ఇప్పుడు సైడ్ ప్యానెల్ మీద రూపాయి బిళ్లంత చోట 180 నంబరు పేపర్‌తో మెల్లగా రుద్దండి (నంబరు పెరిగేకొద్దీ పేపర్ గరుకు తగ్గుతుంది). పొరలు ఒకదాని లోపల ఒకటి గుండ్రంగా బయటపడతాయి, చెట్టు మాను కోస్తే కనిపించే వలయాల్లాగా. మా బండికి పైన ముదురు ఎరుపు, దాని కింద బూడిద రంగు సర్ఫేసర్ (రంగుకు ముందు నునుపు కోసం వేసే పూత), ఆ కింద లేత నీలం, దాని కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, నట్టనడుమ గోరంత ఇనుము. ఆ లేత నీలమే మా బండి అసలు రంగు, ఆర్సీలో రాసిందీ అదే. మీది కూడా ఆర్సీతో పోల్చి చూసుకోండి. అందులో లేని రంగు వేస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మార్పించుకోవాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం వద్దు, చట్టం ప్రకారం అది సైన్యం వాహనాలకే.

ఆ వలయాలు ఇంకో విషయం కూడా చెబుతాయి. పొరల అంచులు నున్నగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే ఆ రంగు గట్టిదే. దాన్ని ఇనుము దాకా తీయక్కర్లేదు, గరుకు చేస్తే చాలు, కొత్త రంగుకు అదే మంచి పునాది. అంచులు పెచ్చులుగా లేచినా, గోరుతో గిల్లితే ఊడినా, బొబ్బలున్నా అక్కడ మాత్రం పూర్తిగా తీసేయాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు బండి మొత్తం ఇనుము దాకా దించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదని నా అభిప్రాయం.

తీయడానికి రెండు దారులు: ఎమరీ పేపర్, పెయింట్ రిమూవర్. నేను పేపర్ వైపే. రిమూవర్ పని తొందరగా చేస్తుంది, కానీ దాని సంగతి తెలిసి వాడాలి. బజారులో దొరికే ఘాటైన రకాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. అది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో తిరుపతి ఎండ ఎంతో మీకు తెలుసు. ఎండలో పెట్టిన డబ్బా మూత తీస్తే ముఖానికే చిమ్ముతుంది. దాని ఆవిరి పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, గుండె జబ్బున్న వాళ్లకు మరీ ప్రమాదం. ఇళ్లలో వాడకానికి దీన్ని అమ్మడం అమెరికాలో 2019లో ఆపేశారు. దుమ్ముకు పెట్టుకునే మాస్కు ఈ ఆవిరిని ఆపదు, పల్చటి గ్లవుజులనూ అది తొందరగానే దాటేస్తుంది. వాడి తీరాలంటే తెల్లవారి చల్లపూట, ఆరుబయట, కళ్లద్దాలు పెట్టుకుని, రసాయనాలకు పనికొచ్చే మందపాటి గ్లవుజులతో చేయండి. గదిలో వద్దు, షట్టర్ వేసిన షెడ్డులో వద్దు.

వాడే పద్ధతి ఇదీ. ముందు 80 నంబరు పేపర్‌తో రంగు మీద అడ్డదిడ్డంగా గీతలు పెట్టాలి, మందు లోపలికి దిగడానికి. తర్వాత బ్రష్‌తో మందంగా, ఒకే వైపు పూసి వదిలేయాలి. మళ్లీ మళ్లీ రాస్తే పైన కట్టే మైనపు పొర తెగి మందు ఆవిరైపోతుంది. మీద పాలిథిన్ కవర్ పరిస్తే ఇంకా మంచిది. పది, ఇరవై నిమిషాల్లో రంగు పాల మీది మీగడలా ముడతలు పడి లేస్తుంది. మొద్దు అంచున్న స్క్రేపర్‌తో తోసేయండి. డబ్బా మీద రాసిన ప్రకారం నీళ్లతోనో థిన్నర్‌తోనో పూర్తిగా కడగాలి. రేకు మడతల్లో, అతుకుల్లో మాత్రం రిమూవర్ పెట్టొద్దు. అక్కడ దాగిన మందు నెలల తర్వాత కూడా బయటికి వచ్చి కొత్త రంగును లేపేస్తుంది.

ఇక పేపర్ పని. ఇదే అసలు పాఠం, నిదానంగా చదవండి.

పేపర్‌ను వేళ్లతో పట్టుకుని రుద్దొద్దు. వేళ్లు నొక్కిన చోట చాళ్లు పడతాయి, రంగు వేశాక ఎండలో అవి అలల్లా కనిపిస్తాయి. రబ్బరు దిమ్మ కొనుక్కోండి, లేదంటే పాత హవాయి చెప్పు అడుగు కోసి దానికి పేపర్ చుట్టండి. వంపుల మీద చెప్పు ముక్కే బాగా వంగుతుంది. పెచ్చులు లేచిన చోట 80తో మొదలుపెట్టి, ఆ గీతలు పోయేదాకా 120, తర్వాత 180. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. పాత గీతలు అడ్డంగా కనిపిస్తూ ఉంటే ఇంకా పని మిగిలినట్టే. 80 నుంచి నేరుగా 320కి దూకితే ఆ లోతు గీతలు చివరి కోటులో బయటపడతాయి.

రంగు ఆగి ఇనుము మొదలయ్యే అంచు దగ్గర మెట్టు ఉండకూడదు. దాన్ని రెండు, మూడు అంగుళాల మేర ఏటవాలుగా దించాలి. కంటికి ఇది తెలియదు. పల్చటి పాత బనీను గుడ్డ అరచేతి కింద పెట్టి, కళ్లు మూసుకుని అంచు మీద నెమ్మదిగా జరపండి. చెయ్యి ఎక్కడో చిన్నగా తట్టుకుంటుంది. అక్కడే ఇంకాస్త రుద్దాలి.

గట్టిగా ఉన్న పాత రంగు మీద 320 వాటర్ పేపర్ తడిపి వాడండి. పావుగంట ముందు నీళ్లలో నానబెట్టి, ఒక చుక్క సబ్బు వేసుకుంటే పేపర్ పట్టేయదు, దుమ్ము కూడా లేవదు. దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, పాత బండ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) పరిమితం చేస్తూ 2016లో మన దేశంలో నిబంధనలు వచ్చాయి కానీ అవి ఇళ్ల రంగులకు సంబంధించినవి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, పొడి రుద్దుడుకు ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆ మడ్డి నీళ్లను కాలవలోకి, చెట్ల పాదుల్లోకి వదలొద్దు. బకెట్లో పేరుకోనిచ్చి, అడుగు మడ్డిని పాత డబ్బాలో మూసి పెట్టండి.

వట్టి ఇనుము తేలిన చోట చివరి రుద్దుడు మాత్రం పొడిగానే. ఫుట్‌బోర్డు మీద రబ్బరు పట్టీలు ఉండే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగిపోతే అక్కడ రేకు తుప్పు తినేసింది. పని ఆపి, ముందు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకుని రండి.

రుద్దడం అయ్యాక ఒక గుడ్డతో థిన్నర్ పెట్టి తుడిచి, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. చెమట ఉప్పుకి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది. అదే పూట ఎపాక్సీ ప్రైమర్ వేయండి.

వచ్చే పాఠం డెంట్ల గురించి. ఆలోపు డిక్కీ మూత ఒక్కటే చేయండి. చిన్నది, చదునైనది, ఒక పూటలో రుద్ది ప్రైమర్ దాకా తేవచ్చు. ప్రైమర్ ఆరాక దాన్ని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూసి, గీతలు కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంచండి. ఆ సున్నాలతోనే మొదలుపెడదాం.