డీఎస్ఏకి వెళ్తున్నారా? కదలకుండా పడుకోండి చాలు

రక్తనాళాల్లోకి సన్నటి ట్యూబ్ పంపి పరీక్షలు చేసే గది, అంటే క్యాత్ ల్యాబ్‌లో, టెక్నీషియన్‌గా నేను రోజూ ఎక్కువసార్లు అనే మాట "కదలకండి". ఎందుకో తెలిస్తే జనం నిజంగానే కదలరు, అందుకే ఇది రాస్తున్నా.

డీఎస్ఏ అంటే డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ, రక్తనాళాల్ని మాత్రమే చూపించే ఎక్స్‌రే పరీక్ష. డై వెళ్లకముందే ఒక ఎక్స్‌రే బొమ్మ తీస్తాం, దాన్ని మాస్క్ అంటాం. తర్వాత అయోడిన్ డై రక్తనాళంలోకి పంపుతూ వరసగా బొమ్మలు తీస్తుంటే, కంప్యూటర్ వాటిలోంచి మాస్క్‌ని తీసేస్తూ పోతుంది, ఎముకలు మాయమై రక్తనాళాలే చెట్టు కొమ్మల్లా మిగులుతాయి. మధ్యలో పాదం కాస్త జరిగిందా, రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు, ఎముక అంచులు తెల్లగా నల్లగా గీతలై సన్న నాళాన్ని కప్పేస్తాయి. ఇక మళ్లీ డై, మళ్లీ రేడియేషన్. మొన్న ఒక పెద్దాయన సరిగ్గా డై వెళ్లే క్షణాన దగ్గారు, మొత్తం మళ్లీ తీశాం. దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పండి, ఆగుతాం.

కాలి నాళాల్లో పూడిక, మెదడు నాళంలో ఉబ్బు, సరిగా పనిచేయని డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు), పేగుల్లో ఆగని రక్తస్రావం, వీటికి ఎక్కువగా చేస్తాం. అడ్డు కనిపిస్తే చాలాసార్లు పరీక్షకు పంపిన ట్యూబ్ దారిలోనే బెలూనో స్టెంటో వేసేయొచ్చు. ఒట్టి చూడటానికే అయితే నాళంలోకి ఇలా ట్యూబ్ పంపకుండా స్కాన్‌తో చేసే సీటీ యాంజియో సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. గర్భం, గతంలో డై పడకపోవడం కూడా దాచొద్దు. "రొయ్యలు పడవు, కాబట్టి డై కూడా పడదు" అనేది అపోహ, రొయ్యల ఎలర్జీకి అయోడిన్ కారణం కాదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే కాళ్ల నాళాల పరీక్షకు కొన్ని ఆసుపత్రుల్లో డైకి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారు.

గజ్జల్లోనో మణికట్టు దగ్గరో తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి సన్నటి ట్యూబ్ పంపుతారు. డై వెళ్లగానే ఒళ్లు వెచ్చబడి బట్టల్లోనే మూత్రం పోసేసినట్టు అనిపిస్తుంది, పోయలేదు, కంగారుపడి లేవకండి.

గజ్జల్లోంచి చేస్తే తర్వాత కొన్ని గంటలు కాలు మడవకూడదు. ఇంటికెళ్లాక అక్కడ రక్తం కారితే పడుకుని ఇంకొకరిచేత గట్టిగా నొక్కించుకోండి, ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.