వైడ్ లెన్స్‌కి ఫిల్టర్ పెడితే మూలలు నల్లగా వస్తున్నాయా? ముందు ఇది చూడండి

లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు ఒక్క పని చెయ్యండి బాబూ. ఫిల్టర్ విప్పేసి, ట్రైపాడ్ కదపకుండా, అదే ఎపర్చర్‌లో (లెన్స్‌లో కాంతి దూరే కంత సైజు) అదే ఫ్రేమ్ ఇంకోసారి తియ్యండి. నిమిషం పట్టదు, అయినా ఎవరూ చెయ్యరు, ఫొటో పెట్టి "అన్నా లెన్స్ మార్చాలా" అని అడుగుతారు. ఫిల్టర్ తీసినా నలుపు ఉంటే అది లెన్స్‌దే, ఎపర్చర్ కొంచెం మూసి ఎఫ్ 8కో ఎఫ్ 11కో వెళ్తే చాలావరకు పోతుంది. ఫిల్టర్ తీస్తే పోయిందా, అయితే కింద చదవండి.

మూలల చివర్లో గట్టిగా కత్తిరించినట్టు నలుపు
ఫిల్టర్ గాజు చుట్టూ ఉండే రింగ్ అడ్డొస్తోంది. ఎఫ్ 16కి వెళ్తే ఆ అంచు ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది, అదే గుర్తు. చాలాసార్లు కింద యూవీ (లెన్స్‌కి రక్షణగా పెట్టే ఫిల్టర్) అలాగే ఉంచి దాని మీద సీపీఎల్ (మెరుపులు తగ్గించి ఆకాశం ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్) బిగించి ఉంటారు. యూవీ తీసెయ్యండి. అప్పటికీ ఉంటే స్లిమ్ రింగ్, లేదా పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్‌అప్ రింగ్ వేసి 77 ఎంఎం లెన్స్‌కి 82 ఎంఎం ఫిల్టర్.

మధ్యలో బానే ఉండి, అంచులకి పోయేకొద్దీ మెల్లగా చీకటి
అసలు తంటా ఇదే. 10 స్టాప్ ఎన్‌డీ (కాంతిని తగ్గించే ముదురు ఫిల్టర్, ఒక్కో స్టాప్‌కి కాంతి సగమవుతుంది) పెట్టి బీచ్‌లో లాంగ్ ఎక్స్‌పోజర్ తీస్తారు, మూలలు నల్లగా వస్తే రింగ్ అనుకుని స్లిమ్ కొంటారు, అదీ అలాగే వస్తుంది, అప్పుడు లెన్స్‌ని తిడతారు. తప్పు రింగ్‌ది కాదు, గాజుదే. 16 ఎంఎంలో ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మూలకి వెళ్ళే కాంతి ఫిల్టర్‌లోకి దాదాపు 53 డిగ్రీల ఏటవాలుగా దూరుతుంది. అరటికాయని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తే ముక్క పొడుగ్గా వస్తుంది కదా, అలాగే ఆ కాంతి గాజు లోపల 18 శాతం దాకా ఎక్కువ దూరం నడవాలి. రంగు గాజు లోపలే కలిసుండే ఎన్‌డీ అయితే మధ్యలో 10 స్టాప్‌లు ఆపేది మూలలో దగ్గరదగ్గర 12 ఆపుతుంది. అంటే రెండు స్టాప్‌ల తేడా! అదే ఫిల్టర్ 35 ఎంఎంలో ముప్పావు స్టాప్ కూడా తేడా రాదు, అందుకే "వేరే లెన్స్‌లో బానే ఉంది" అని కంగారు పడతారు. పైగా ఫిల్టర్‌కి కొంచెం రంగు తేడా ఉంటే మూలల్లో అది ఇంకా ముదురుతుంది.

కనిపెట్టడం తేలిక. తెల్ల గోడనో మబ్బు పట్టిన ఆకాశాన్నో ఎఫ్ 8లో ఫిల్టర్ లేకుండా 1/30లో, ఫిల్టర్‌తో 30 సెకన్లకి తీసి పక్కపక్కన పెట్టండి. ఎపర్చర్ ఎంత మూసినా ఈ తేడా తగ్గదు. లెన్స్ లోపాల్ని తనంతట తానే సరిచేసే సాఫ్ట్‌వేర్ లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్‌కి మీరు ఎన్‌డీ పెట్టారని తెలీదు, కాబట్టి అది కూడా ఆదుకోదు.

24 ఎంఎంకి జూమ్ చేస్తే చాలా తగ్గుతుంది. 6 స్టాప్‌తో పని జరిగే చోట 10 వాడకండి, వెలుగు పడిపోయే దాకా ఆగితే చాలు. తప్పదంటే రా (RAW) ఫార్మాట్‌లో తీసి లైట్‌రూమ్‌లో మూలల చీకటిని సరిచేసే విన్యెటింగ్ స్లైడర్ చేత్తో జరుపుకోండి, కానీ రెండు స్టాప్‌లు లేపితే మూలల్లో నాయిస్ వస్తుంది. లెన్స్ వెనక ఫిల్టర్ పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది, అక్కడ కాంతి అంత వాలుగా రాదు.

ఆకాశంలో ఒక పట్టీ మాత్రమే ముదురు నీలం
సీపీఎల్. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కులోనే అది బాగా పనిచేస్తుంది, 16 ఎంఎంలో అడ్డంగానే 97 డిగ్రీల ఆకాశం పడుతుంది, ఇంక ఒకేలా ఎలా వస్తుంది? కొంచెం వెనక్కి తిప్పండి, లేదా తీసెయ్యండి. ఎడిటింగ్‌లో సరిచెయ్యడం నరకం.

మిగతావి
వేరియబుల్ ఎన్‌డీలో (తిప్పి ఎంత ముదురు కావాలో పెట్టుకునేది) ఇంటూ గుర్తు వస్తే మరీ చివరిదాకా తిప్పారు, వెనక్కి రండి. రాత్రి వీధి లైటుకి సరిగ్గా ఫ్రేమ్ అవతలి పక్కన దెయ్యంలా ఇంకో లైటు కనిపిస్తే యూవీ విప్పెయ్యండి. ఫొటో మొత్తం మసకగా ఉంటే ఏసీ రూమ్ నుంచి బయటికొచ్చినప్పుడు గాజుకి పట్టిన తేమ, పది నిమిషాలు ఆగండి.