జర్మనీకి మలై కాజా కాదు, ఉదయగిరి గరిటెలు

వేసవి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కి జర్మనీ వెళ్లబోయే మన నెల్లూరు పిల్లలకి ఒక మాట. ల్యాబ్‌లో అందరికీ పెడదామని మలై కాజా కట్టించుకోకండి. నెయ్యి సీసా కూడా వద్దు. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు పాలతో చేసినవి, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. ఈ సంగతి తెలీక నేను రెండు కిలోల కాజా ఎయిర్‌పోర్టులో వదిలేశాను. ఆ డబ్బా ఇప్పటికీ కళ్లల్లో మెదులుతుంది.

బదులుగా ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు పట్టుకెళ్లండి. బరువుండవు, పాడవవు. పిడి మీద సన్నటి చెక్కుడు చూసి మా ప్రొఫెసర్ ఇది చేత్తో చేసిందేనా అని మూడుసార్లు అడిగారు. అక్కణ్ణుంచి మాటలు కలిశాయి, ఆ ఆదివారం అందరితో కలిసి అడవిలో నడకకి నన్నూ పిలిచారు.

అన్నట్టు, ఆదివారం అక్కడ కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. బియ్యం, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి. ఇంకోటి, అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేక్ తేవాలి. మీది జూన్, జులైలో వస్తే మిగతావాళ్లు తెస్తారులే అని కూర్చోకండి.