జంట కంజంక్షన్లు రాసే ముందు చూసుకోవాల్సినవి

ఇంగ్లిష్‌లో కంజంక్షన్లు, అంటే మాటలను, వాక్యాలను కలిపే పదాలు, కొన్ని జంటగానే వస్తాయి. ఐదర్ వస్తే ఆర్, నైదర్ వస్తే నార్, బోత్ వస్తే యాండ్. ఇంతవరకు అందరికీ వచ్చు. తడబడేది నో సూనర్ దగ్గర. దాని జోడీ దాన్. వెన్ రాస్తే తప్పు. వెన్ వచ్చేది హార్డ్లీ, స్కేర్స్లీలకు. ఈ మూడింట్లో ఏది వాక్యం మొదట్లో వచ్చినా సహాయక క్రియ కర్త కంటే ముందుకు జరగాలి: ‘నో సూనర్ హ్యాడ్ హి లెఫ్ట్ దాన్ ఇట్ రెయిన్డ్’.

నాట్ ఓన్లీని ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. అసలు మార్కులు పోయేది ఇక్కడే. ‘షి నాట్ ఓన్లీ స్పీక్స్ ఇంగ్లిష్ బట్ ఆల్సో ఫ్రెంచ్’ వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఒకవైపు క్రియ, రెండోవైపు ఉత్త నామవాచకం వచ్చాయి. నాట్ ఓన్లీని స్పీక్స్ తర్వాతకు జరపండి, రెండు వైపులా భాషల పేర్లే మిగులుతాయి. జంట పదాల తర్వాత వచ్చే ముక్కలను విడిగా ఓ కాగితం మీద రాసి చూస్తే తేడా ఇట్టే దొరుకుతుంది.

క్రియ ఏకవచనమా, బహువచనమా అని టెన్షన్ పడొద్దు. ఐదర్, నైదర్ వాక్యాల్లో దగ్గరున్న కర్తను చూడండి: ‘నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ ఆర్ రెడీ’. కర్తలను తారుమారు చేస్తే ఈజ్. బోత్‌కైతే ఎప్పుడూ బహువచనమే.

నైదర్ ఉన్నచోట మళ్లీ నాట్ వద్దు. దో (‘అయినా’ అనే అర్థమిచ్చేది) తర్వాత బట్ కూడా వద్దు. కావాలంటే యెట్ పెట్టండి, లేదా కామాతో సరిపెట్టండి. లెస్ట్‌లో ‘కాకుండా’ అనే అర్థం ముందే ఉంది కాబట్టి దానికి జోడీగా వచ్చే షుడ్ పక్కన నాట్ చేర్చకండి.