బర్డ్ షోలో రంగురంగుల పిట్ట కొనే ముందు

చెన్నైలో షోకి వెళ్తున్నా, పల్లవరం శుక్రవారం సంతకి వెళ్తున్నా, పర్సు తీసే ముందు ఇవి చూసుకోండి.

- అది మన దేశపు పిట్ట కాదని ముందు తేల్చుకోండి. మునియా (పిచ్చుకలాంటి మన చిన్న పిట్ట) లాంటివాటికి రంగేసి ఫారిన్ పక్షులని అంటగట్టేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను, మునియాను పంజరంలో పెంచడం నేరం. ‘నాకు తెలియదండీ’ అంటే కేసు పోదు.

- మకావ్, ఆఫ్రికన్ గ్రే అనే విదేశీ చిలుకలైతే, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో చేయించిన రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. 2024 నుంచి అది తప్పనిసరి.

- బడ్జీ అంటే పంజరాల్లో పెంచే చిన్న విదేశీ చిలుక. ఎర్ర బడ్జీ, గులాబీ బడ్జీ అంటే నమ్మకండి. బడ్జీ ఈకలో పసుపు రంగు ఉంటుంది, నీలం మాత్రం ఈక నిర్మాణం వల్ల కనబడుతుంది, రెండూ కలిస్తే ఆకుపచ్చ. ఎరుపుకి చోటే లేదు. బ్రీడర్లు వయొలెట్ దాకా వచ్చారు, అక్కడే ఆగారు.

- అమ్మే ఆయన్నే రెక్క విప్పి చూపించమనండి. పైన మెరుస్తూ లోపలివైపు వేరే రంగుంటే, కాళ్ల పొలుసుల సందుల్లో మరకలుంటే, అది వేసిన రంగే. పిట్ట రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటుంది, ఆ రంగు కడుపులోకే పోతుంది.

- ఎర్ర కానరీ (పాటకి పేరున్న చిన్న విదేశీ పిట్ట) మాత్రం వేరు. రెడ్ సిస్కిన్ అనే ఎర్ర పిట్టతో జత కట్టించి తెచ్చిన రకం అది, ఈకలు రాల్చే కాలంలో కెరొటినాయిడ్ (క్యారెట్‌కి రంగిచ్చే లాంటి పదార్థం) ఉన్న మేత పెడితే ఎరుపు నిండుగా వస్తుంది. మేత ఆపితే కొత్త ఈకలు వెలిసిపోయినట్టు వస్తాయి. ఏం పెట్టారో అడిగి తెలుసుకోండి.

- బిల్లు మీద జాతి పేరు రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి.