మందు పట్టించిన చెక్క తెచ్చారా? వెంటనే వార్నిష్ కొట్టకండి

తిరుపతిలో మా మిద్దె మీద చెక్క ఫ్లోర్ పాడైతే పై పలకలు మార్పించాం. చెద పట్టకుండా మందు పట్టించిన పైన్ చెక్క అది. తెచ్చిన వారానికే వార్నిష్ కొట్టేశాం, నెలకే పొరలుగా లేచిపోయింది. మన ఎండకు పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. నాలుగు నీటిచుక్కలు వేసి చూడండి. ఇంకిపోతే పూత వెయ్యొచ్చు, ముత్యాల్లా నిలిస్తే ఇంకా ఆగాలి.

మామూలు ఇనుప మేకులు వద్దు. మందులోని రాగి వాటిని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి.

అన్నిటికంటే ముఖ్యం, మిగిలిన ముక్కల్ని నీళ్ల పొయ్యిలో పెట్టకండి. కొన్ని మందుల్లో ఆర్సెనిక్ ఉంటుంది, ఆ పొగ విషం. అమెరికాలో ఆ రకాన్ని ఇళ్లకు వాడటం 2003 చివరితో ఆపేశారు. మా అమ్మ ఆ ముక్కలు పొయ్యి దగ్గరికి తీసుకెళ్తుంటే చూసి ఆపాను.